వెనక మంచం కింది బరువు

మొదట నా ఒళ్ళో ఉన్న పల్లీల డబ్బాలో తేడా తెలిసింది. మూత సరిగా పట్టని స్టీలు డబ్బా. అందులో వేయించిన పల్లీలు ఒక పక్కకి జరిగి ఆగాయి. మళ్ళీ రెండో పక్కకి జరిగాయి. మళ్ళీ ఇటు. రోడ్డు తిన్నగానే ఉంది. లియన్‌గాథా ఊరు దాటి కొండ దిగుతున్నాం. స్టీరింగ్ మీద మా ఆయన చేతులు కదలడం లేదు. మరి పల్లీలు ఎందుకు కదులుతున్నాయి అనుకుంటూ ఉండగానే, వెనక సీట్లోంచి మా బాబు నవ్వుతూ అన్నాడు: "మమ్, అవర్ వ్యాన్ ఈజ్ వ్యాగింగ్ ఇట్స్ టెయిల్!"

పక్క అద్దంలో చూశాను. కారు వెనక లాక్కెళ్తున్న మా క్యారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, దాని తెల్ల గోడ అద్దంలోకి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. మా ఆయన కాలు బ్రేక్ మీదికి వెళ్ళడం కనిపించింది.

"తొక్కొద్దు!" అని అరిచాను. "రెండు కాళ్ళూ తియ్యండి! స్టీరింగ్ తిప్పకండి!" అంటూనే వంగి, డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాను. అది నొక్కితే కారుకి కాకుండా వెనక క్యారవాన్‌కి మాత్రమే బ్రేక్ పడుతుంది. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు బండి ఒక్కసారి సాగి, తిన్నగా అయింది. రోడ్డు పక్క గడ్డిలో ఆగేసరికి పల్లీలన్నీ నా కాళ్ళ దగ్గర ఉన్నాయి.

ఆ అరిచినవి నా మాటలు కావు. ఆ ప్రయాణానికి వారం ముందు ఒకావిడ మా ఇంటి ముందు నిలబడి నాచేత మూడుసార్లు వల్లె వేయించిన మాటలు. ఆవిడ పోయారని ఈ సాయంత్రం మెసేజ్ వచ్చింది. పిల్లలు పడుకున్నారు. నాకు నిద్ర పట్టేలా లేదు, కూర్చుని ఇది రాస్తున్నాను.

మేముండే ఊళ్ళో, క్రాన్‌బర్న్‌లో, మా తెలుగువాళ్ళందరం ఆవిణ్ణి క్యారవాన్ ఆంటీ అనేవాళ్ళం. అసలు పేరు సగం మందికి తెలియదు. తెలిసిన నేను కూడా ఇక్కడ రాయను, ఆవిడకి నచ్చదు. డెబ్భై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. నెత్తిన వెడల్పాటి అంచున్న టోపీ, చుడీదార్ కింద రన్నింగ్ షూస్. పారమట్టాలో ఏదో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారట. భర్త పోయాక క్యారవాన్ అమ్మెయ్యమని అందరూ చెబితే, అమ్మకుండా తనే తోలడం నేర్చుకుని, ఏడాదిలో నాలుగు నెలలు రోడ్డు మీదే ఉండేవారు.

"ఒక్కరే తిరుగుతారు కదా ఆంటీ, భయం వెయ్యదా?" అని ఒకసారి అడిగాను.

"వెయ్యకేం! వేస్తుంది కాబట్టే ఇంకా ఉన్నాను" అన్నారు.

మేం సెకండ్ హ్యాండ్ క్యారవాన్ కొని వాకిట్లో పెట్టుకున్న శనివారం, నలుగురు స్నేహితుల్ని పిలిచి పూజ చేశాం. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. ఒకాయన వీడియో తీస్తున్నాడు. మా ఆయన బండి ఎక్కబోతుంటే గేటు దగ్గర్నుంచి ఒక గొంతు, "ఆగు అబ్బాయ్, ఆ నిమ్మకాయ ఒకటి నాకివ్వు" అంది. అలా వచ్చారు ఆవిడ మా ఇంటికి మొదటిసారి. ఎవరో చెబితే చూద్దామని వచ్చారట.

నిమ్మకాయ పట్టుకుని క్యారవాన్ లోపలికి వెళ్ళి వంటగట్టు మీద పెట్టారు. అది దొర్లుకుంటూ వెళ్ళి సింకులో పడింది.

"చూశారా? ఇక్కడ నేల వాలుగా ఉంది. ఇలాగే పడుకుంటే మీ తలలోకి రక్తం దిగుతుంది, ఫ్రిజ్ సరిగా చల్లబడదు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఈ కాయ పెట్టండి. దొర్లకుండా నిలబడేదాకా చక్రాల కింద చెక్కలు వెయ్యండి. తర్వాత దాంతోనే పులిహోర కలుపుకోండి."

"దిష్టికి కూడా ఉండాలి కదా ఆంటీ" అన్నాడు వీడియో తీస్తున్నాయన.

"దిష్టి సంగతి నువ్వు చూసుకో నాయనా. నేను బరువు సంగతి చూస్తాను."

తన కార్లోంచి ఒక చిన్న తూకం తెచ్చారు. అడుగు ఎత్తు కూడా లేదు. క్యారవాన్ ముందు కొస, అంటే కారు వెనకున్న ఇనుప బంతి మీద కూర్చునే భాగం, దాన్ని ఆ తూకం మీదికి దించమన్నారు. ముల్లు డెబ్భై దగ్గర ఆగింది.

"మొత్తం బండి ఎంత?"

"పదహారు వందల కిలోలు ఆంటీ" అన్నాడు మా ఆయన.

"ఇంచుమించు పదో వంతు ఇక్కడ పడాలి. నూట అరవై. మీకు సగం కూడా లేదు. అంటే మిగతాదంతా వెనక కూర్చుంది. వెనక బరువున్న బండి మెల్లిగా పోయినంతసేపూ మంచిగానే ఉంటుంది. స్పీడు మీద, కొండ దిగేటప్పుడు, పక్కనుంచి పెద్ద ట్రక్ పోయేటప్పుడు ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే నీ కారుని కూడా తిప్పేస్తుంది."

వచ్చినవాళ్ళు ప్రసాదం తింటూ నిలబడితే, ఆవిడ మాచేత క్యారవాన్ మొత్తం ఖాళీ చేయించి మళ్ళీ సర్దించారు. నాకు ఒళ్ళు మండింది. పూజ రోజున, నలుగురి ముందు, ఎవరో వచ్చి మా గిన్నెలన్నీ గడ్డి మీద పరిచారు. బరువైనవన్నీ చక్రాల పైన నేల మీద, లేదంటే కాస్త ముందుకి. వెనక గోడకి వేలాడదీసిన మా పాప సైకిల్‌ని తీయించి, సరిగ్గా చక్రాల పైకి, రెండు బల్లల మధ్య పడుకోబెట్టి తాడుతో కట్టారు. "నీ సైకిల్‌కి వీఐపీ సీటు ఇచ్చాను తల్లీ" అంటే పాప నవ్వింది. ముల్లు నూట యాభై ఐదు చూపించింది. "ఇక దీన్ని ముట్టుకోవద్దు. ఏది కొత్తగా ఎక్కించినా మళ్ళీ తూకం వెయ్యాలి" అన్నారు.

తర్వాత చేతిసంచిలోంచి ఒక ఎర్ర గుడ్డ పీలిక తీసి స్టీరింగ్‌కి కట్టారు. కారుకీ క్యారవాన్‌కీ మధ్య గొలుసులు తగిలించడం, లైట్ల ప్లగ్, ముందున్న చిన్న చక్రం ఎత్తడం, మెట్టు మడవడం, పైకప్పు కిటికీ, గ్యాస్ సిలిండర్ మూసెయ్యడం, అన్నీ చూశాకే ఆ గుడ్డ తియ్యాలట. గుడ్డ ఉన్నంతసేపూ బండి కదలకూడదు.

"గుడ్డ తీసేది తోలేవాళ్ళు కాదు. మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడేది ఎవరు?"

మా ఆయన వేలు, ఇద్దరు పిల్లల వేళ్ళు ఒకేసారి నావైపు తిరిగాయి. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"అయితే ఇది నీ ఉద్యోగం అమ్మాయ్. ధైర్యం ఉన్నవాళ్ళు వంగి చూడరు."

ఎర్ర బటన్ గురించి చెప్పింది కూడా అప్పుడే. అది నా చేతికి అందేలా మార్పించమన్నారు. "బండి ఊగితే అతని చేతులు ఖాళీ ఉండవు. బ్రేక్ తొక్కకూడదు, స్టీరింగ్ తిప్పకూడదు, కాలు తీసెయ్యాలి. బటన్ నువ్వు నొక్కాలి. చెప్పు." చెప్పాను. "మళ్ళీ చెప్పు." స్కూల్లో లాగా మూడుసార్లు చెప్పించారు.

ఇక నేను చేసిన పని.

బయలుదేరే ముందు రోజు నాకు అన్నీ భయాలే. దిగబోయే క్యారవాన్ పార్కులో నీళ్ళు బాగోకపోతే? వాన పడి రోడ్డు మూసేస్తే? బాబుకి అన్నం తప్ప ఏదీ సహించదు, అక్కడ మన బియ్యం దొరక్కపోతే? ఇరవై కిలోల బియ్యం బస్తా ఈడ్చుకుంటూ తెచ్చాను. మూడు అట్టపెట్టెల నీళ్ళ సీసాలు. ఇడ్లీ పిండికి గ్రైండర్. కందిపప్పు, పచ్చళ్ళు, నూనె డబ్బా. ఆంటీ సర్దినవి కదపకూడదు అనుకున్నాను, అందుకని ఖాళీగా కనిపించిన చోట పెట్టాను. ఆ ఖాళీ అంతా వెనక మంచం కిందే ఉంది. ఎందుకు ఖాళీగా ఉంచారో ఆలోచించలేదు. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు, ఆయనకి చెప్పలేదు. పొద్దున గొలుసులు చూశాను, లైట్లు చూశాను, గ్యాస్ చూశాను. ఎర్ర గుడ్డ నా చేత్తోనే తీశాను.

గడ్డిలో బండి ఆగాక మా ఆయన ఇంజిన్ కట్టేశాడు. దిగి వెనక్కి వెళ్ళి క్యారవాన్ తలుపు తీశాడు. ఎదురుగా కనిపించింది సైకిల్. దాన్ని లాగి గడ్డిలోకి విసిరేసి, పాప మీద అరిచాడు: "ఈ సైకిల్ వద్దంటే విన్నావా? చూశావా ఏమైందో?" ఆయన ఎప్పుడూ పిల్లల మీద అరిచే మనిషి కాదు. పాపకి అప్పటికి ఏడేళ్ళు. ఏడవలేదు, నోరు తెరిచి అలా చూస్తూ నిలబడింది.

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. నోరు విప్పలేదు.

ఆంటీకి ఫోన్ చేశాం. ఆవిడ అన్నది రెండే మాటలు. "అందరూ బాగున్నారా? అయితే రోడ్డుకి దూరంగా, ఫెన్స్ దగ్గరికి వెళ్ళి నిలబడండి." గంటన్నరలో వచ్చేశారు. రాగానే మా ఆయనతో, "అబ్బాయ్, పిల్లల్ని ఆ గేటు దాకా నడిపించి ఆవుల్ని చూపించు" అన్నారు. వాళ్ళు కాస్త దూరం వెళ్ళాక లోపలికి ఎక్కి, తిన్నగా వెనక మంచం దగ్గరికి వెళ్ళి పరుపు ఎత్తారు.

"ఎవరు పెట్టారు ఇవి?"

"నేనే ఆంటీ."

"అతనికి తెలుసా?"

"తెలియదు."

"ఎందుకు పెట్టావు?"

"భయమేసి."

తిడతారనుకున్నాను. ఆవిడ గ్రైండర్ మీద చెయ్యి వేశారు. "భయపడటం తప్పు కాదు అమ్మాయ్. ఆ భయాన్ని తీసుకెళ్ళి వెనక పెట్టావు, అదీ తప్పు" అన్నారు. తర్వాత నీళ్ళ పెట్టెలు ఒక్కొక్కటే తన కార్లోకి మోశారు. బియ్యం బస్తా ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. మంచం మళ్ళీ మూసేసి, "నేను చెప్పను. నువ్వే చెప్పు" అన్నారు.

మా ఆయన వచ్చి ఏమైంది ఆంటీ అని అడిగితే, "బరువు వెనక్కి పోయింది, సర్దాం" అని ఊరుకున్నారు. పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "సైకిల్ వల్ల కాదు తల్లీ" అన్నారు. పాప వాళ్ళ నాన్న వైపు చూసి, "బట్ డాడ్ సెడ్" అంది. ఆంటీ తలెత్తి నావైపు చూశారు. నేను క్యారవాన్ వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూస్తున్నట్టు అటు తిరిగాను.

పాప మా కారు ఎక్కనంది. ఆంటీ కార్లో, బియ్యం బస్తా పక్కన కూర్చుని ఇంటికి వచ్చింది. అది జరిగి ఏడాదిన్నర. అప్పట్నుంచీ వెనక క్యారవాన్ తగిలించిన కారు ఎక్కలేదు. సైకిల్ కూడా తొక్కలేదు, ఇప్పుడది తనకి చిన్నదైపోయింది. మా ఆయన తను స్పీడుగా పోవడం వల్లే సామాను వెనక్కి జరిగి బండి ఊగిందని అనుకుంటాడు. క్యారవాన్ ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకుని ఉంది. ఆయనకి సెలవులొచ్చినప్పుడల్లా "అమ్మేద్దామా?" అంటాడు, నేను "చూద్దాం" అంటాను.

ఎందుకు చెప్పలేదంటే, మా ఇంట్లో జాగ్రత్తంతా నాదే. పొయ్యి కట్టేశారా, సీట్ బెల్ట్ పెట్టుకున్నారా, బాటిల్ మూత బిగించారా అని రోజంతా అడిగేది నేను. ఆ నేనే ఇది చేశానని తెలిస్తే, రేపట్నుంచి నా మాట ఎవరు వింటారు? ఇలా నాకు నేను చెప్పుకున్నాను. పాప సైకిల్ వైపు చూడకుండా గ్యారేజ్‌లోంచి నడిచి వెళ్ళినప్పుడల్లా ఇంకోసారి చెప్పుకున్నాను.

ఆంటీ మాత్రం కనిపించినప్పుడల్లా ఒక్కటే అడిగేవారు. "చెప్పావా?" ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుతూ అడిగారు. ఉగాది ఫంక్షన్‌లో ప్లేట్ పట్టుకుని లైన్లో నిలబడి అడిగారు. గొంతులో కోపం ఉండేది కాదు. హ్యాండ్‌బ్రేక్ వేశావా అని అడిగినట్టే ఉండేది. లేదంటే "సరే" అని, టైర్లలో గాలి సంగతో, కొత్తిమీర ధర సంగతో మాట్లాడేవారు.

ఒక ఆదివారం ఫుట్‌బాల్ గ్రౌండ్ పక్క ఖాళీ పార్కింగ్‌కి నన్ను పిలిచి, తన క్యారవాన్‌తో రివర్స్ నేర్పించారు. "చెయ్యి స్టీరింగ్ కింది అంచున పెట్టు. చెయ్యి ఎటు జరిపితే తోక అటు పోతుంది. ఇంతే, దీనికి డిగ్రీ అక్కర్లేదు." వెనక నిలబడి దారి చూపించేవాళ్ళకి ఆవిడ పెట్టిన రూలు: లెఫ్ట్, రైట్ అని అరవకూడదు. "నీ లెఫ్టా, నా లెఫ్టా అని క్యారవాన్ పార్కుల్లో ఎన్ని కాపురాలు రోడ్డున పడటం చూశానో! తోక ఎటు పోవాలో చేత్తో చూపించు, చాలు. తోలేవాళ్ళ మొహం నీకు అద్దంలో కనిపించకపోతే, నువ్వు వాళ్ళకి కనిపించనట్టే."

మూడోసారి వెనక్కి తోలుతూ చెత్తడబ్బాని గుద్దాను. అద్దంలోంచి చూస్తూ, "ఏం కాలేదు ఆంటీ, చిన్న సొట్ట" అన్నాను.

"దిగు" అన్నారు. "దిగి చూడు. గుద్దినప్పుడు లోపల కూర్చుని చూడకూడదు."

దిగాను. డబ్బా పగిలింది. ఆవిడ క్యారవాన్ మూలకి జానెడు గీత పడింది. సారీ ఆంటీ అంటే, "గీతేగా, కనిపిస్తూనే ఉంది, బాగు చేయించొచ్చు" అన్నారు. డబ్బా పగిలిందని అక్కడున్న నంబరుకి నాచేతే ఫోన్ చేయించారు. మళ్ళీ రివర్స్ చేయించారు. ఆరోసారికి తిన్నగా వచ్చింది.

ఆఖరుసారి చూసింది నెల కిందట, ఆవిడ ఇంట్లోనే. బాగా నీరసించిపోయారు. ఇంటి ముందు క్యారవాన్ ఉండాల్సిన చోట గడ్డి పసుపు రంగులో పొడుగ్గా అచ్చు పడి ఉంది. అమ్మేశారు. కొన్నవాళ్ళచేత పూట మొత్తం సర్దించి, తూకం వేయించి పంపారట. ఆ తూకం, తన ఎర్ర గుడ్డ ఒక సంచిలో పెట్టి నాకు ఇచ్చారు. గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

"చెప్పావా?"

"ఇంకా లేదు ఆంటీ."

సరే అంటారనుకున్నాను. ఈసారి అనలేదు.

"అడగడానికి నేనొకదాన్ని ఉన్నాను కదా అని ఊరుకున్నావు. నేను అడిగినప్పుడల్లా నీకు కాస్త తేలికపడేది. తప్పు నాదే, అడక్కుండా ఉండాల్సింది." తర్వాత కళ్ళు మూసుకుని, "టైర్లు ఏడాదిన్నర ఒకే చోట నిలబడితే పగుళ్ళొస్తాయి, బయటికి తీసే ముందు చూపించు" అన్నారు. ఆవిడ నాతో అన్న చివరి మాటలు టైర్ల గురించే.

ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

పైదంతా రాత్రి రాసింది. ఇక్కడినుంచి పొద్దున రాస్తున్నాను.

టిఫిన్ కాకముందే పిల్లలిద్దర్నీ గ్యారేజ్‌లోకి తీసుకెళ్ళాను. మా ఆయన కాఫీ కప్పుతో వెనకే వచ్చాడు. క్యారవాన్ ఆంటీ చనిపోయారని చెప్పాను. బాబు, "హూ విల్ చెక్ ద వ్యాన్స్ నౌ?" అన్నాడు. మా బరువు చూసుకునే బాత్రూమ్ తూకం మీద సైకిల్ నిలబెట్టి, నంబరు చదవమన్నాను. "నైన్," అంది పాప.

అప్పుడు చెప్పాను. ఆ రోజు వెనక మంచం కింద బియ్యం ఇరవై కిలోలు, నీళ్ళు నలభై మూడు, గ్రైండర్ పదకొండు, పప్పులూ పచ్చళ్ళూ ఇంకో ఎనిమిది, అన్నీ నేనే పెట్టానని. డాడీకి తెలియదని. డాడీ స్పీడుగా తోలలేదని. నీ సైకిల్‌ని ఆంటీ ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారని. డాడీ నీమీద అరిచినప్పుడు నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నానని.

మా ఆయన కప్పు పక్కన పెట్టేశాడు. పాప సైకిల్‌ని తూకం మీంచి దించింది. "యూ న్యూ? ద హోల్ టైమ్?" అంది.

అవునన్నాను.

ఎర్ర గుడ్డ పాప చేతిలో పెట్టి చెప్పాను: "క్యారవాన్ ఎక్కుతావో లేదో నీ ఇష్టం. ఎక్కినా ఎక్కకపోయినా, ఇకనుంచి ఇది నీ దగ్గరే ఉంటుంది. నువ్వు తీసేదాకా ఎవ్వరం కదలం. గొలుసులు చూడు, లైట్లు చూడు, తూకం వెయ్యి, వెనక మంచం ఎత్తి కింద కూడా చూడు. అమ్మ సర్దింది కదా అని మాత్రం వదిలెయ్యొద్దు."